పదిమందికి పదిమందే కదా, ఓనరుకి చెప్పాలా?

ప్రశ్న: దసరాకి విజయవాడ భవానీపురంలో మూడు బెడ్‌రూముల ఇల్లు తొమ్మిది రాత్రులకి అద్దెకి తీసుకున్నాం. రాత్రికి రూ.8,000. ఓనరు దంపతులు కింద పోర్షన్‌లోనే ఉంటారు. పదిమందికి మించకూడదన్నారు, పెద్దవాళ్లందరి ఆధార్ కాపీలు తీసుకున్నారు. మేం నలుగురం, అత్తగారు, మామగారు, మా ఆడపడుచు వాళ్లు నలుగురు. మొత్తం పది. యాప్‌లో బుక్ చేసిందీ, అడ్వాన్సు కట్టిందీ ఆడపడుచు భర్త (నేను అన్నయ్యగారని పిలుస్తాను). వాళ్లు ఆరు రాత్రులుండి, ఏడో రోజు మూలా నక్షత్రం నాడు అమ్మవారి దర్శనం చేసుకుని వెళ్తామంటున్నారు. అదే రోజు అమెరికా నుంచి వచ్చిన మా అక్క, బావగారు, వాళ్ల ఇద్దరు పిల్లలు వచ్చి చివరి మూడు రాత్రులు మాతో ఉంటారు. మా ఆయనేమో "పదిమంది అన్నాం, పదిమందే ఉంటాం. ఓనరుకి చెప్పేదేముంది, చెబితే ఇంకా డబ్బు అడుగుతాడు" అంటున్నారు. అత్తగారు "నా కూతురు వెళ్లగానే మీ అక్క దిగుతుందా" అని ముఖం ముడుచుకున్నారు. అద్దె మూడు భాగాలు చేద్దామని నేనంటే అదీ గొడవైంది. గుంటూరు బ్రాడీపేటలోని అత్తగారి పాత ఇల్లు అపార్ట్‌మెంటు కోసం బిల్డరుకి ఇచ్చేశాం. అందుకే ఈ అద్దె ఇల్లు. ఎవరికి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, సూటిగా అడిగారు కాబట్టి ముందు ఆ మాటే చెబుతాను. ఓనరుకి చెప్పాలి. మీ అక్కవాళ్లు దిగాక చెప్పడం కాదు, ఇప్పుడే చెప్పాలి. ఎవరెవరో పేర్లతో చెప్పాలి. ఆయన సరేనన్నాకే మీ అక్కగారిని విజయవాడకి టికెట్లు తీసుకోమనాలి.

మీ వారి లెక్క నాకు అర్థమవుతోంది. పదిమందికని ఒప్పుకున్నాం, పదిమందే పడుకుంటాం, నీళ్లు అన్నే, కరెంటు అంతే, ఆయనకి వచ్చే నష్టమేమిటి అని. నష్టం సంగతి అటుంచండి. ఆ దంపతులు కింద తాము కాపురం ఉంటూ పై ఇల్లు మీకిచ్చారు. ఇచ్చేముందు ఎవరెవరు వస్తారని అడిగారు, ఆధార్ కాపీలు తీసుకున్నారు. పెద్దవాళ్లు, పిల్లలు, ఒక కుటుంబం అని నమ్మకం కుదిరాకే సరేనని ఉంటారు. ఏడో రోజు సాయంత్రం కొత్తవాళ్లు నలుగురు సూట్‌కేసులతో మెట్లెక్కుతుంటే ఆ ఇంటావిడ తలుపు తీసి "ఎవరండీ మీరు?" అని అడిగారనుకోండి. ఆవిడ అడగడంలో తప్పు లేదు. కానీ ఎన్నాళ్లకో ఊరొచ్చిన మీ అక్క మెట్ల మీద నిలబడి తానెవరో చెప్పుకోవాల్సి వస్తుంది. పిలిచింది మీరు కాబట్టి ఆ ఇబ్బంది ఆమెకి రాకుండా చూడాల్సిందీ మీరే.

పైగా అవి దసరా రోజులు. ఇంద్రకీలాద్రి చుట్టూ బందోబస్తు ఉంటుంది, ఎక్కడెక్కడి జనమో ఊళ్లోకి వస్తారు. ఇంట్లో ఎవరు దిగారని పోలీసులు అడిగితే జవాబు చెప్పాల్సింది ఓనరే. ఆయన దగ్గరున్న కాగితాలు వెళ్లిపోయినవాళ్లవి, పైన ఉన్నది వేరేవాళ్లు అయితే, మీ మాట మీద ఇల్లిచ్చిన మనిషి అందరి ముందూ తడబడాలి.

ఇక మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో దాటేసిన సంగతి ఒకటుంది. నాకు అన్నింటికన్నా అదే పెద్దదిగా కనిపించింది. మీ అక్కవాళ్లు అమెరికా నుంచి వచ్చినవాళ్లు. పిల్లలు అక్కడే పుట్టి ఉంటే వాళ్లవి అమెరికా పాస్‌పోర్టులే. మీ అక్క, బావగారు కూడా అక్కడి పౌరసత్వం తీసుకుని ఉండొచ్చు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి బస ఇస్తే, అది హోటలైనా ఇలాంటి అద్దె ఇల్లయినా, ఇచ్చినవాళ్లు ఆ వివరాలను 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసుకి పంపాలి. చాలాకాలంగా దీన్ని ఫారం సి అంటున్నారు. 2025 సెప్టెంబరు 1 నుంచి పాత చట్టాల స్థానంలో విదేశీయులకి సంబంధించిన కొత్త చట్టం అమల్లోకి వచ్చినా, బస ఇచ్చినవాళ్లు తెలియజేయాలన్న బాధ్యత అలాగే ఉంది. ఈ పని మీరు చేసేది కాదు, ఓనరు చెయ్యాల్సింది. పైన అమెరికా పాస్‌పోర్టులవాళ్లు ఉన్నారని ఆయనకి తెలియకపోతే ఎలా చేస్తారు? తన తప్పేమీ లేకుండానే చట్టం ముందు తప్పు చేసినవాడవుతాడు. "పిల్లలే కదా, మా అక్క పిల్లలే కదా" అని మనం అనుకుంటాం. పాస్‌పోర్టు ఆ బంధుత్వం చూడదు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఉంది కదా అని కూడా ఊరుకోకండి. కార్డూ, పాస్‌పోర్టూ, వీసా ఉంటే వీసా, వాటి కాపీలు ముందే ఓనరుకి పంపించండి, ఏం నింపాలో ఆయన చూసుకుంటారు. ఇదివరకు ఇలాంటి అతిథులకి ఇవ్వలేదంటే ఆయనకి కనుక్కోవడానికి రెండు రోజులు పట్టొచ్చు. అందుకే చివరి నిమిషం దాకా ఆపొద్దంటున్నాను.

చెప్పకుండా సర్దేద్దాం అనుకున్న ఇళ్లల్లో జరిగేది ఇంకోటుంది. అబద్ధం ఆడాల్సిన పని చివరికి పిల్లల మీద పడుతుంది. "కింద ఆంటీ అడిగితే మొదటి నుంచీ ఉన్నామని చెప్పు" అని ఎనిమిదేళ్ల పిల్లకి నేర్పుతారు. పండక్కి అమ్మవారి ఊరు తీసుకొచ్చి ఆ పిల్లకి మనం నేర్పింది అదా? మీ ఇంట్లో అలా జరుగుతుందని నేననడం లేదు. దాచాలని నిర్ణయించుకున్నాక మాత్రం, దాన్ని నిలబెట్టడానికి ఎవరో ఒకరు అబద్ధం ఆడక తప్పదు.

ఓనరుకి పెట్టే మెసేజ్ ఎలా ఉండాలని మీరు అడగలేదు గానీ, మొహమాటం అంతా అక్కడే ఉంటుంది కాబట్టి రాస్తున్నాను. "నమస్కారం అండి. దసరాకి మీ ఇంట్లో దిగుతున్న కుటుంబం మాది. ఒక విషయం ముందుగా అడుగుదామని. మా ఆడపడుచు వాళ్లు నలుగురు ఫలానా రోజు ఉదయం వెళ్తున్నారు. ఆ సాయంత్రం మా అక్కవాళ్లు నలుగురు వచ్చి మిగతా రోజులు ఉండాలనుకుంటున్నారు. ఏ రాత్రీ పదిమందికి మించం. పిల్లలవి అమెరికా పాస్‌పోర్టులు, కాపీలు పంపిస్తాం. మధ్యలో గది శుభ్రం చేయించే ఖర్చు మేం ఇస్తాం. మీకు ఇబ్బంది లేకపోతేనే రమ్మంటాం, లేదంటే వేరే ఏర్పాటు చూసుకుంటాం." ఇంతే. ఆ చివరి వాక్యం వదిలెయ్యొద్దు. అది లేకపోతే మీరు అడుగుతున్నట్టు ఉండదు, నిర్ణయం చెబుతున్నట్టు ఉంటుంది. ఇక్కడ ఉండేవాళ్ల గుర్తింపు కోసం ఆధార్ పంపాల్సి వస్తే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ని ఆధార్ వెబ్‌సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అది చాలా అని ఆయన్ని అడగండి.

డబ్బు ఎక్కువ అడుగుతారేమోనని మీ వారి భయం. అడగొచ్చు. గది మధ్యలో ఇంకోసారి కడగాలి, దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు ఇంకో జత ఉతకాలి. ఆ ఖర్చు అడగడం న్యాయమే, ఇచ్చెయ్యండి. మనుషుల సంఖ్య పెరగకుండానే అద్దె పెంచమంటే మాత్రం మర్యాదగా కాదనొచ్చు. "పదిమందికే కదండీ ఒప్పుకున్నాం, అంతకి మించడం లేదు" అని చెప్పే హక్కు మీకుంది. ముందే అన్నీ విప్పి చెప్పినవాళ్లకే ఆ మాట ధైర్యంగా అనే వీలుంటుంది. దొరికిపోయాక ఆయన ఎంతంటే అంత.

ఆయన వద్దంటే? వద్దన్నట్టే. బతిమాలొచ్చు గానీ ఒత్తిడి పెట్టొద్దు. "మీకు మాత్రం అక్కచెల్లెళ్లు లేరా" లాంటి మాటలు అసలు వద్దు. భవానీపురంలోనే నది ఒడ్డున పర్యాటక శాఖ వాళ్ల హరిత బెర్మ్ పార్క్ ఉంది, ఊళ్లో హోటళ్లున్నాయి. దసరాకి గదులు త్వరగా నిండిపోతాయి. ఓనరు జవాబు తొందరగా తెలిస్తే అక్కడైనా దొరుకుతుంది.

ఇప్పుడు అన్నయ్యగారి సంగతి. బుక్ చేసింది ఆయన, వెళ్లిపోయేదీ ఆయనే. ఎయిర్‌బీఎన్‌బీ లాంటి యాప్‌లో బుక్ చేసిన మనిషే బస చెయ్యాలన్నది నియమం. తన పేరు మీద వచ్చినవాళ్లందరికీ ఆయనే జవాబుదారీ. అంటే, ఆయన వెళ్లాక మీ పిల్లలో, మీ అక్క పిల్లలో గీజరు పాడుచేసినా, గ్లాసు బల్ల పగలగొట్టినా లెక్క ఆయన ఖాతాలో పడుతుంది, డిపాజిట్ కట్టి ఉంటే కోత దానిలోంచి పడుతుంది. తాను చూడని మనుషులు చేసిన నష్టానికి ఇంటల్లుడు డబ్బు కట్టాలన్నమాట. పాపం ఆయన ఏమీ అనరు, మనసులో పెట్టుకుంటారు. కాబట్టి ఓనరుకి పెట్టే మెసేజ్ ఆయన ద్వారానే యాప్‌లో వెళ్లాలి, చివరి రోజుల్లో బాధ్యత మీ వారిదని అందులో రాయాలి. వీలుంటే ఆ రాత్రుల బుకింగ్ మీ వారి పేరుకి మార్పించండి. ఆడపడుచు వాళ్లు బయల్దేరే ముందు అన్నయ్యగారు, మీ వారు, ఓనరు కలిసి ఒకసారి గదులన్నీ చూసి, నాలుగు ఫొటోలు తీసుకోండి. అప్పటిదాకా జరిగింది ఆయనది, ఆ తర్వాతది మీది. కరెంటు మీటరు ప్రకారం విడిగా కట్టే ఒప్పందమైతే ఆ రీడింగు కూడా అప్పుడే రాసుకోండి.

మార్పుకి మీరు ఎంచుకున్న రోజు దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది. మూలా నక్షత్రం నాడు అమ్మవారు సరస్వతీదేవి అలంకారంలో దర్శనమిస్తారు. దసరా రోజులన్నింటిలో రద్దీ విపరీతంగా ఉండేది ఆ రోజే. ముందురోజు రాత్రి నుంచే క్యూలైన్లలో జనం ఉంటారు. ఊళ్లో ట్రాఫిక్ మళ్లిస్తారు. భవానీపురం నుంచి బస్టాండుకైనా రైల్వే స్టేషన్‌కైనా నేరుగా వెళ్లే దారి ఆ కొండ పక్క నుంచే. మీ ఆడపడుచు పిల్లలతో దర్శనానికి వెళ్లి, ఎప్పుడు బయటపడతారో తెలియకుండా, తిరిగొచ్చి సామాను తీసుకుని, బండి ఎక్కాలంటారు. మీ అక్కవాళ్లు అదే రోజు సామానుతో ఆ దారినే రావాలంటారు. ఏం జరుగుతుందో నేను చెబుతాను. దర్శనం ఆలస్యమవుతుంది. బండి తప్పిపోతుంది. మీ అత్తగారు "ఈ రాత్రికి ఉండిపోవే, పిల్లలు సోలిపోయారు" అంటారు. ఏ తల్లయినా అంటుంది. అప్పటికి మీ అక్కవాళ్లు హాల్లో సామాను దించి ఉంటారు. ఆ రాత్రి ఇంట్లో పద్నాలుగు మంది. పదికి మించమని రాసిచ్చిన మాట పోయినట్టే, పైగా ఒక గది కోసం రెండు కుటుంబాలు ముఖముఖాలు చూసుకుంటూ కూర్చోవాలి. అందులో ఎవరిని లేవమంటారు?

అందుకని నా సలహా ఇది. ఆడపడుచు వాళ్లని మూలా నక్షత్రం రాత్రి కూడా ఉండమనండి. దర్శనం చేసుకుని, నిదానంగా అన్నం తిని, పడుకుని, అష్టమి ఉదయం వెళ్తారు. మీ అక్కవాళ్లు అష్టమి సాయంత్రం వస్తారు. మూడు రాత్రులు తగ్గకూడదనుకుంటే దశమి రాత్రి కూడా ఇల్లు దొరుకుతుందేమో ఓనరుని అడగండి. విజయదశమి నాడు అమ్మవారు రాజరాజేశ్వరీదేవి అలంకారంలో ఉంటారు, సాయంత్రం కృష్ణలో హంసవాహనం మీద తెప్పోత్సవం జరుగుతుంది. నదిలో నీటి ఉధృతి ఎక్కువగా ఉన్న ఏడాది హంసవాహనాన్ని నది మీద తిప్పకుండా ఒడ్డునే ఉంచి పూజలు చేయడమూ ఉంది. ఏదైనా అమెరికా పిల్లలకి అది చూపించడం మూలా నక్షత్రం తొక్కిసలాటలో నిలబెట్టడం కన్నా ఎంతో మేలు. ఒక కుటుంబానికి సరస్వతీ అలంకారం, ఇంకో కుటుంబానికి తెప్పోత్సవం. ఎవరి వాటా వాళ్లకి దక్కుతుంది.

రెండు కుటుంబాలూ కలిసి ఒక పూటైనా గడపాలని మీకు ఉంటే, పగటిపూట చుట్టాలు వచ్చిపోవచ్చా అని ఓనరుని విడిగా అడగండి. రాత్రి పడుకునేవాళ్లకి ఇచ్చిన అనుమతి, పగలు భోజనానికి వచ్చేవాళ్లకి ఇచ్చినట్టు కాదు. లేదంటే బయట ఎక్కడైనా కలిసి భోంచెయ్యండి, అదీ బాగుంటుంది.

గది చేతులు మారే పూట గురించి రెండు మాటలు. ఆడపడుచు వాళ్లు అల్మరా ఖాళీ చేసి, తడి బట్టలు తీసేసి, ఫ్రిజ్‌లో తమ డబ్బాలు ఏవో, ఉంచేవి ఏవో చెప్పి వెళ్తే చాలు. మిగతాది మీరు చూసుకోవాలి. కానీ ఆమె ఇంకా ఆటో ఎక్కకముందే దుప్పట్లు లాగెయ్యకండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. నిన్నటిదాకా తన పిల్లలు పడుకున్న మంచం మీద పక్క మారుస్తుంటే చూసి గడప దాటడం ఆడపిల్లకి ఎంత కష్టంగా ఉంటుందో ఆలోచించండి. ముందు బొట్టు పెట్టి, చీర పెట్టి, పసుపు కుంకుమలిచ్చి, గేటు దాకా వెళ్లి సాగనంపి రండి. గది సంగతి ఆ తర్వాత. పనమ్మాయి వస్తూ ఉంటే ఆ రోజు ఆమెకి రెట్టింపు పని, విడిగా డబ్బివ్వండి.

మీ అత్తగారు ముఖం ముడుచుకున్నారని రాశారు. ఆవిడ మాటలో మీ అక్క మీద కోపం నాకు వినిపించలేదు. బ్రాడీపేటలో సొంత ఇల్లున్నన్నాళ్లూ ప్రతి పండక్కీ కూతురు వచ్చేది. ఎన్నాళ్లుంటావని ఎవరూ అడిగేవారు కాదు. వచ్చినప్పుడు వచ్చేది, అల్లుడు పిలిస్తే వెళ్లేది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. కొత్త ఫ్లాటు చేతికొచ్చేదాకా ఆవిడ కూతురికి పుట్టిల్లంటే ఈ దసరాకి ఈ అద్దె ఇల్లే. అందులో కూతురి గదికి ఒక తేదీ పడింది, ఆ తేదీ తర్వాత కోడలి తరఫువాళ్లు వస్తారు. మీరేమీ తప్పుగా చెయ్యకపోయినా ఆవిడకి అది గుచ్చుకుంది. మీకూ అక్క ఉంది, ఆమెనీ చూసుకోవాలని ఉంది, అదీ న్యాయమే. అద్దె కట్టేవాళ్లలో మీరూ ఉన్నారు. కోడలి తరఫువాళ్లు పండక్కి రాకూడదన్న రూలేమీ లేదు. ఇక్కడ చెప్పే తీరు, చెప్పే మనిషి, చెప్పే వరస సరిగా ఉండాలి, అంతే.

మీ అక్క వస్తున్న సంగతి ఆడపడుచుకి మీరు చెప్పొద్దు, మీ వారు చెప్పాలి. మీరు ఎంత మెత్తగా చెప్పినా "నన్ను ఖాళీ చెయ్యమంటున్నారు" అనే ఆమెకి వినిపిస్తుంది. అన్న ఫోన్ చేసి, "అమ్మాయ్, నువ్వు ఎన్నాళ్లుంటావో ముందు చెప్పు. దాన్నిబట్టే మిగతావి చూసుకుంటాం. మీ వదిన వాళ్ల అక్కయ్య అమెరికా నుంచి వచ్చింది, నువ్వు వెళ్లాక రెండు మూడు రోజులు ఉంటారు" అంటే అదే విషయం వేరేగా ఉంటుంది. ముందు ఆమె రోజులు ఖాయమవ్వాలి, తర్వాతే మీ అక్క రోజులు. ఈ వరస తారుమారైతే ఎంత సర్దిచెప్పినా ప్రయోజనం ఉండదు. అత్తగారికీ కొడుకే చెప్పాలి. "నీ కూతుర్ని మూలా నక్షత్రం కూడా ఉంచుతున్నాం" అన్న మాటతో మొదలుపెట్టమనండి. ఆవిడ ముఖం దానితోనే సగం విచ్చుకుంటుంది.

గదుల విషయంలోనూ కొంచెం ఆలోచించండి. ఆడపడుచు ఖాళీ చేసిన గదిలోకే మీ అక్కని దించాలని ఏమీ లేదు. మీరు ఆ గదిలోకి మారి, మీ గది అక్కవాళ్లకి ఇవ్వొచ్చు. పని కాస్త ఎక్కువే, కానీ అత్తగారి కళ్లకి ఆ తేడా తెలుస్తుంది. పెద్దవాళ్ల గదిని మాత్రం ఏ కారణం చేతా కదపకండి.

చివరగా డబ్బు. మూడు భాగాలు చెయ్యాలన్న మీ లెక్క సరికాదమ్మా. మొత్తం రూ.72,000. మూడు వాటాలంటే తలా రూ.24,000. కానీ మీరూ, అత్తమామలూ కలిసి రెండు గదులు తొమ్మిది రాత్రులూ వాడుతున్నారు. మిగిలిన ఒక్క గదిలోనే ఆ రెండు కుటుంబాలూ ఉండేది. గదికీ రాత్రికీ లెక్క కడితే మీ రెండు గదులకి రూ.48,000, మూడో గదిలో ఆరు రాత్రులకి రూ.16,000, మూడు రాత్రులకి రూ.8,000 అవుతుంది. మూడు రాత్రులుండే మీ అక్క దగ్గర రూ.24,000 తీసుకుంటే ఆమె ఏమీ అనకపోయినా బావగారికి లెక్కలొస్తాయి కదా. నేను చెప్పినట్టు రోజులు మారితే ఈ పద్ధతిలోనే మళ్లీ లెక్క వేసుకోండి.

అయితే లెక్క తెలిసి ఉండటం వేరు, వసూలు చెయ్యడం వేరు. నా అభిప్రాయం అడిగితే, ఆడపడుచు దగ్గర గది అద్దె తీసుకోవద్దు. పండక్కి పుట్టింటికి వచ్చిన పిల్ల చేతిలో చీర పెట్టి పంపే ఆచారం ఉన్న ఇంట్లో, ఆమె చేత గదికి డబ్బు కట్టించడం బాగుండదు. ఇల్లు సొంతమా అద్దెదా అన్నది మీ ఇబ్బంది, ఆమెది కాదు. పైగా ఇప్పుడు అడ్వాన్సు కట్టింది అన్నయ్యగారు. అందరికన్నా ముందు ఆ డబ్బు ఆయనకి తిరిగిచ్చెయ్యమని మీ వారికి చెప్పండి. పండగ అయ్యాక చూద్దాం అనుకుంటే అది ఎవరూ అడగలేని బాకీగా మిగులుతుంది. ఆయన పట్టుపట్టి మా వాటా మేం ఇస్తామంటే రూ.16,000 అని మొహమాటపడకుండా చెప్పి తీసుకోవచ్చు.

ఆడపడుచుకి ఏ పద్ధతో మీ అక్కకీ అదే పద్ధతి. ఆమె దగ్గర తీసుకోకపోతే ఈమె దగ్గరా వద్దు. ఒకవేళ ఆడపడుచు దగ్గర తీసుకుని మీ అక్కని వదిలేస్తే, ఆ మాట మీ అత్తింట్లో ఏళ్ల తరబడి వింటూనే ఉంటారు. ఈ భారం మోయలేం అనిపిస్తే ఇద్దరికీ ముందే ఒకే మాట చెప్పండి, "అద్దె మాది, సరుకులూ కూరగాయలూ మీరున్నన్నాళ్లూ మీరు చూసుకోండి" అని. చాలామందికి అది చేతికి హాయిగా ఉంటుంది, చెయ్యి చాచినట్టూ ఉండదు.

ఇంతకీ ఇవాళ చెయ్యాల్సింది మీ వారి చేత చెల్లెలికి ఫోన్ చేయించడం. ఆమె రోజులు ఖాయం కాగానే అన్నయ్యగారి చేత ఓనరుకి మెసేజ్ పెట్టించండి, దశమి రాత్రి సంగతి కూడా అందులోనే అడిగించండి. వారం ఆలస్యమైతే ఆ రాత్రికి ఇల్లు ఇంకెవరైనా తీసుకుంటారు.